రేకీయు రాళ్లును

వ్యాధిగ్రస్తుడైన మనుష్యుడు వాదములు వినడు, ఉపశమనము కోరును. వైద్యుడు చేయి విడిచిన పిదప, ఒక్కొక్కప్పుడు విడువక పూర్వమే, ఎవరు వచ్చి ధైర్యము చెప్పినను వారివెంట నడచును. ఇది తప్పని మేము అనము. లోకమున దుఃఖమున్నంతకాలము ఆశ యుండును. ఆశ యున్నంతకాలము దానిని విక్రయించువారును ఉందురు. కాని విక్రయింపబడు సరకు ఎట్టిదో, దాని వెలను నిజముగ ఎవరు చెల్లించుచున్నారో విచారించుట పత్రికల విధి. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము మొదలగు నగరములలో ఆదరణ పొందియున్న రేకీ–స్ఫటిక చికిత్సనుగూర్చి నాలుగు మాటలు వ్రాయుటకు మమ్ము పురికొల్పినది ఈ విధియే.

ఈ చికిత్సయొక్క స్వరూపము తెలియనివారికొఱకు క్లుప్తముగ చెప్పెదము. రోగిని ఒక బల్లపై పరుండబెట్టుదురు. చికిత్సకుడు తన అరచేతులను రోగి శరీరముపై ఆనించియో, కొంచెము ఎడముగ నిలిపియో, విశ్వమందలి ప్రాణశక్తి తన చేతులద్వారా రోగిలోనికి ప్రవహించుచున్నదని చెప్పును. ఇది రేకీ. దీనికి తోడుగ మూలాధారము మొదలు సహస్రారమువఱకు ఏడు తావులందు ఏడు రంగుల రాళ్లను అమర్చుదురు. ఆ రాళ్లను ముందుగ ఉప్పునీట కడిగి, వెన్నెలలో నుంచి, వానిపై రేకీ చిహ్నములను గీసి శక్తి నింపుదుమని అందురు. రోగి ఎదుట లేనిచో రాళ్లను ఒక ఆకృతిలో పేర్చి, నడుమ వాని ఛాయాచిత్రమునుంచి, దూరమునుండియే చికిత్స చేయుదుమందురు. రాయి శక్తిని నిలువచేయుననియు, ఇబ్బడి చేయుననియు, కావలసిన చోటికి గుఱి తప్పక పంపుననియు వారి సిద్ధాంతము.

ఈ పద్ధతి అతిప్రాచీనమైనదనియు, మన ఋషుల విద్యయే జపానునకు పోయి తిరిగి వచ్చినదనియు ప్రచారము జరుగుచున్నది. చరిత్ర వేఱుగ చెప్పుచున్నది. రేకీకి మూలపురుషుడు మికావో ఉసుయి. ఆయన 1865లో జన్మించి 1926లో మరణించెను. క్యోటో సమీపమునగల కురామా పర్వతముపై 21 దినములు ఉపవాసదీక్ష వహించి, 1922లో ఈ పద్ధతిని టోక్యోలో బోధింప నారంభించెను. 1923లో జపాను రాజధానిని నేలమట్టము చేసిన మహాభూకంపము సంభవించినప్పుడు క్షతగాత్రులకు ఆయన పరిచర్య చేసెనని, 1927లో శిష్యులు సైహోజీ ఆలయమున నిలిపిన శిలాఫలకము తెలుపుచున్నది. ఆయన శిష్యులకు నిత్యము గుర్తుచేసిన నియమములు అయిదు: నేటికి కోపమును విడుచుట, చింతను మానుట, కృతజ్ఞత కలిగియుండుట, తన పనిని శ్రద్ధతో చేయుట, ప్రాణులయెడ దయ చూపుట. వీనిలో ఆక్షేపింపదగినది ఒక్కటియు లేదు. అయితే వీనిలో రాయి ప్రసక్తియు ఎక్కడను లేదు. ఉసుయి కథలో మనకు కనబడు రాయి ఆయన సమాధిచెంత శిష్యులు నిలిపిన ఆ ఫలకమొక్కటియే.

ఉసుయి శిష్యుడు చుజిరో హయాషి; నౌకాదళమున పనిచేసినవాడు. ఆయన టోక్యోలో నడపిన చికిత్సాలయమునకు 1935లో హవాయి ద్వీపములనుండి హవాయో టకాటా అను స్త్రీ రోగియై వచ్చి, ఆరోగ్యము పొంది, విద్య నేర్చి, స్వస్థలమునకు తీసికొనిపోయెను. ఆమె చెఱకుతోటల కూలీలైన జపానువారి బిడ్డ. 1980లో ఆమె మరణించునాటికి 22 మందిని ఆచార్యులనుగా తీర్చిదిద్దెను. ఆచార్యపదవికి ఆమె నిర్ణయించిన రుసుము 10,000 డాలర్లు. ఉచితముగ లభించిన దానికి విలువ యుండదని ఆమె వాదము. ఆ వాదములోని మంచిచెడ్డలు అటుండనిండు. దయను బోధించిన విద్యకు ధరల పట్టిక ఏర్పడినది మాత్రము అప్పుడే.

స్ఫటికములు వచ్చి చేరినది ఇంకను తరువాత. అమెరికాలో 1970–80 దశకములందు 'నవయుగ' ఉద్యమమని పేరుగాంచిన సంచలనమున జ్యోతిషము, యోగము, రంగురాళ్లు, చైనా ప్రాణశక్తి సిద్ధాంతము ఒకే సంతలో కలిసినవి. 1985లో కాట్రీనా రఫాయెల్ ప్రకటించిన స్ఫటికగ్రంథమువంటివి ఈ వాడుకకు శాస్త్రగ్రంథములైనవి. జపానునుండి చేయి, భారతదేశమునుండి చక్రము, గనినుండి రాయి తెచ్చి అమెరికా వర్తకుడు ఒక మూటగ కట్టెను. ఆ మూటయే గత శతాబ్దపు చివరి దశకమునుండి మన దేశమునకు దిగుమతియై, 'మన ప్రాచీనవిద్య' యను ముద్రతో మనకే అమ్మబడుచున్నది. సొంతయింటి వస్తువని భ్రమించి పరాయి సరకును కొనుట మన జాతికి క్రొత్త కాదు.

ఇది ఉత్తమాట కాదని చూపుటకు చక్రముల రంగులే చాలును. రేకీ బల్లపై మూలాధారమునకు ఎఱుపు, స్వాధిష్ఠానమునకు నారింజ, మణిపూరమునకు పసుపు, అనాహతమునకు ఆకుపచ్చ, విశుద్ధమునకు నీలము, ఇట్లు ఇంద్రధనుస్సు క్రమమున రాళ్లు పేర్చుదురు. పూర్ణానందుని షట్చక్రనిరూపణము 16వ శతాబ్దమున వ్రాయబడినది. దానిని ఆర్థర్ ఏవలాన్ 1919లో ఆంగ్లమున ప్రకటించెను. అందు మణిపూరపద్మము కారుమబ్బు వన్నెది, అనాహతము మంకెనపూవువలె ఎఱ్ఱనిది, విశుద్ధము ధూమ్రవర్ణము, ఆజ్ఞాచక్రము చంద్రునివలె తెల్లనిది. ఇంద్రధనుస్సు ఏది? హృదయమున ఎఱ్ఱనిపద్మము చెప్పిన తంత్రమును ప్రమాణమనుచు, అచ్చట పచ్చరాయి పెట్టువాడు ఆ గ్రంథమును చూడనివాడైన కావలయును, చూచియు చూపనివాడైన కావలయును. అంతియేకాదు, ఆ చక్రములు సాధకుని ధ్యానమునకు చెప్పబడినవిగాని, బల్లపై పరుండినవాని పొట్టపై రాళ్లు పేర్చుటకు చెప్పబడినవి కావు.

మనవారు రాళ్లను ఎఱుగనివారు కారు. వరాహమిహిరుడు బృహత్సంహితలో రత్నపరీక్షకు అధ్యాయములు కేటాయించెను. శుభాశుభఫలములను ఆయన చెప్పినమాట నిజమే. కాని నిజరత్నమేది, దోషమేది అని పరీక్షించుటయే ఆ విద్యకు ప్రాణము. దానికి పెట్టిన పేరే 'పరీక్ష'. రసశాస్త్రజ్ఞులు ఖనిజములను ఔషధములందు వాడిరి. అయితే శోధన చేయనిదానిని విషమని శాసించిరి. వారి చికిత్సలన్నియు నేటి పరీక్షకు నిలుచునని మేము అనుట లేదు. రాయిని చూచి కన్నులు మూసికొనుట మన సంప్రదాయము కాదని మాత్రము అనుచున్నాము.

ఇక రాతిలో శక్తి గలదను వాదము. దీనికి ఆధారముగ వారు గడియారమును చూపుదురు. పలుగురాతిని అనగా క్వార్ట్జును ఒత్తినచో విద్యుత్తు పుట్టునని పియరీ క్యూరీ, జాక్వెస్ క్యూరీ సోదరులు 1880లో కనుగొనిరి. 1969లో జపానులోని సెయికో సంస్థ క్వార్ట్జు చేతిగడియారమును విపణికి తెచ్చెను. నేడు సామాన్యమైన చేతిగడియారములోని పలుగురాతి తునక క్షణమునకు 32,768 మారులు కంపించును. ఇవన్నియు సత్యములే. కాని ఆ కంపము బ్యాటరీ ఇచ్చు విద్యుత్తువలన కలిగినది. బ్యాటరీ తీసిన గడియారము నిలిచిపోవును. ఒత్తిడివలన విద్యుత్తు పుట్టును. ఒత్తిడి తీసినచో క్రొత్తగ పుట్టదు. వంటయింట పొయ్యి వెలిగించు గ్యాస్ లైటరులో నిప్పురవ్వ రాలుటయు ఈ ధర్మమువలననే. అంతమాత్రమున లైటరును పొట్టపై పెట్టుకొన్నచో పుండు మానునని ఏ యిల్లాలైన నమ్మునా? శాస్త్రమునుండి ఒక సత్యమును తెచ్చి అసత్యమునకు కాపలా పెట్టుట మోసములలో సూక్ష్మమైనది.

ఒక్కొక్క రాతికి ఒక్కొక్క గుణమను మాటయు విచారణకు ఆగదు. అమెథిస్టు అను ఊదారాయి మనస్సును శాంతింపజేయునట; సిట్రీను అను పసుపురాయి ధనమును ఆకర్షించునట. రెండును పలుగురాళ్లే, రెండింటిలోను ఉన్నది సిలికా, రంగు లేశమాత్రమైన ఇనుమువలన కలిగినది. విపణిలో సిట్రీనను పేర అమ్ముడగు రాళ్లలో అధికభాగము ఊదారాళ్లను కొలిమిలో కాల్చి పసుపుచేసినవి. ఉదయము వైరాగ్యమునిచ్చిన రాయి సాయంకాలము కొలిమినుండి వెలువడి ధనమునిచ్చుచున్నదన్నమాట. అందువలన ధనము లభించునది ఎవరికో పాఠకులు ఊహింపగలరు.

ప్రత్యక్షపరీక్షలును జరిగినవి. లండనులోని గోల్డ్‌స్మిత్స్ కళాశాలకు చెందిన మనశ్శాస్త్రజ్ఞుడు క్రిస్టఫర్ ఫ్రెంచ్, ఆయన సహచరులు 80 మందికి రాళ్లనిచ్చి పరీక్షించిరి. కొందఱికి నిజమైన స్ఫటికములు, కొందఱికి నకిలీవి. వెచ్చదనము, జలదరింపు, మనస్సునకు హాయి కలిగినవని ఇరువర్గములవారును చెప్పిరి. అసలుకును నకిలీకిని భేదము కనబడలేదు. ఏయే అనుభవములు కలుగవచ్చునో ముందుగ చెప్పబడినవారికి అవియే మిక్కిలిగ కలిగినవి. ఈ ఫలితములు 2001లో వెల్లడింపబడినవి. రేకీకి దగ్గఱి బంధువైన మఱియొక హస్తచికిత్సను అమెరికాలో ఎమిలీ రోజా అను తొమ్మిదేండ్ల బాలిక తన పాఠశాల ప్రదర్శనకై పరీక్షించినది. 21 మంది చికిత్సకులు తెరవెనుకకు చేతులు చాపిరి. బాలిక తన చేతిని ఏ చేతిపై నిలిపినదో వారు చెప్పవలెను. 280 పర్యాయములలో 123 మారులే సరిగ చెప్పిరి. నాణెము ఎగురవేసి చెప్పినను 140 కుదురవలసినది. అమెరికా వైద్యసంఘపు పత్రిక దీనిని 1998లో ప్రకటించెను. ఇక రేకీనే తీసికొన్నచో, ఒడలినొప్పుల వ్యాధియగు ఫైబ్రోమయాల్జియాతో బాధపడు 100 మందిపై జరిగి 2008లో ప్రకటింపబడిన పరిశీలనలో రేకీ ఆచార్యులు చేసిన చికిత్సకును, ఆచార్యులవలె నటించినవారు చేసినదానికిని భేదము తోచలేదు.

“అయినను మాకు హాయి కలిగినదే!” అని అనువారు కలరు. వారు అబద్ధమాడుట లేదు. మందవెలుతురు గల గదిలో, నిశ్శబ్దమున, ఒక గంట పరుండియుండగా, మఱియొక మనుష్యుడు తమ బాధను శ్రద్ధతో విని, మెల్లగ చేయివేసినచో ఎవరికి హాయి కలుగదు? జ్వరముతోనున్న బిడ్డ నుదుట తల్లి చేయివేయుట రేకీకంటె ప్రాచీనమైన విద్య. దానికి రుసుము లేదు, రాయి లేదు. ఇట్టి ఊరట నిజమైనది. దానిని మేము గౌరవింతుము. నొప్పిని, భయమును అది కొంత తగ్గించును. కాని గడ్డను కరగింపదు, చక్కెరను దింపదు, క్రిములను చంపదు. ఊరట వేఱు, చికిత్స వేఱు. ఈ రెండింటి నడుమగల గీటును చెఱిపివేయుటయే మా ఆక్షేపణ.

ఆ గీటు చెఱగినచోట ఏమి జరుగునో మేము దగ్గఱనుండి చూచితిమి. మాకు పరిచితుడైన ఒక ఉపాధ్యాయుని భార్యకు రొమ్మున చిన్న గడ్డ కనబడినది. ఆమె ఆసుపత్రికి పోయినది. ఉదయమెల్ల వరుసలో నిలిచిన పిదప వైద్యుడు తలయెత్తకయే నాలుగు పరీక్షలు వ్రాసి పంపెను. గడ్డ ఏమిటో, భయపడవలెనో వలదో ఒక్కమాటయైన చెప్పలేదు. బెదరి యింటికి వచ్చిన ఆమెను పొరుగువారు ఒక చికిత్సకురాలియొద్దకు తీసికొనిపోయిరి. ఆమె పేరు పెట్టి పిలిచినది, గంటసేపు వినినది, గులాబివన్నె రాయిని రొమ్ముపైనుంచి, ముడి వీడుచున్నదని ధైర్యము చెప్పినది. వారమునకొకమారు చొప్పున ఎనిమిది మాసములు గడచినవి. మరల ఆసుపత్రికి పోవునప్పటికి వ్యాధి ఎముకలకు ప్రాకినది. ఆ యిల్లాలు నేడు లేదు. ఆ చికిత్సకురాలు వంచకురాలు కాదు. ఆమెయు నమ్మినది, ఆమెయు ఏడ్చినది. అందువలననే ఈ విషయము మఱింత భయంకరమైనది. వంచకుని పట్టి శిక్షింపవచ్చును. సద్బుద్ధితో చేయబడు ఆలస్యమును ఎవరు శిక్షింతురు?

ఇది ఒక్క యింటి దుఃఖము కాదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయపు వైద్యులు క్యాన్సరు ఇతర అవయవములకు ప్రాకకపూర్వమే ఆధునికచికిత్సను నిరాకరించి ఇతరపద్ధతులనే ఆశ్రయించిన 281 మందిని, శాస్త్రీయచికిత్స పొందిన 560 మందితో పోల్చిచూచిరి. మొదటివారికి మరణాపాయము రెండున్నర రెట్లు; రొమ్ము క్యాన్సరునందు అయిదు రెట్లకు పైగ నుండెను. ఈ పరిశీలన ప్రకటితమైనది 2017లో. అదే సంవత్సరమున వెలువడిన మఱియొక పరిశీలన, 67 దేశములకు సంబంధించినది, మన దేశమున ప్రాథమిక వైద్యుడు ఒక రోగికిచ్చు కాలము సుమారు 2 నిమిషములని చెప్పినది. ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చదువవలయును. రెండు నిమిషములిచ్చు వైద్యునికి చికిత్స తెలియును, ఊరట నిచ్చు తీరిక లేదు. గంట ఇచ్చువారికి ఊరట తెలియును, చికిత్స తెలియదు. రోగి గంట ఇచ్చినవారివైపు మొగ్గుచున్నాడు. నింద అంతయు రోగిపై మోపి వైద్యవృత్తివారు చేతులు కడుగుకొనరాదు.

మఱియొక అపాయమునుగూర్చి హెచ్చరింపవలసియున్నది. రాళ్లను నీటిలో నానవేసి ఆ నీటిని త్రాగించువారు కలరు. ప్రతి మెఱుపురాయియు పలుగురాయి కాదు. పచ్చని మాలకైటులో రాగి గలదు. గేలినాలో సీసము, ఇంగిలీకమున పాదరసము, మణిశిలలో పాషాణము గలవు. శోధన లేక వీనిని తాకుటకే మన రసవైద్యులు జంకిరి. గర్భిణులకును పసిపిల్లలకును ఇట్టి నీరు ఇచ్చుట అజ్ఞానమున చేసినను అపరాధమే.

ఇంతవఱకు కొనువారి మాట. రాతిని చెక్కువారి మాట ఎవరికిని పట్టినట్లు లేదు. గుజరాతునందలి ఖంభాతు పట్టణము పూసలపనికి సహస్రాబ్దములుగ ప్రసిద్ధి కెక్కిన సీమలోనిది. రతన్‌పూరు గనులనుండి వచ్చు హకీకు రాళ్లను, అనగా అగేటును, అక్కడి కార్మికులు కోసి, సానబట్టి, నునుపుచేయుదురు. నేడు దేశదేశములకు పోవు చక్రచికిత్సా రాళ్లు, కోలలు, పిరమిడ్లు అక్కడివారి చేతులలోనుండి వెలువడుచున్నవి. సానచక్రమునుండి లేచు సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తులలో చేరి, కణజాలమును గట్టిపఱచి, సిలికోసిస్ అను వ్యాధిని కలిగించును. దానికి మందు లేదు. వెంట క్షయ వచ్చును. అహమ్మదాబాదునందలి జాతీయ వృత్తిఆరోగ్య సంస్థవారు ఈ పనివాండ్ర దుఃస్థితిని పరిశీలించియున్నారు. పని పలువురకు ఇండ్లలోనే జరుగుటవలన కార్మికచట్టముల రక్షణ వారికి అందుట కష్టము. ఇంటనున్న స్త్రీలకును పిల్లలకును ఆ ధూళి సోకును. రాతినుండి మనుష్యశరీరమున నిజముగ ప్రవేశించునది ఏదియన్న ఇదియే. అది శక్తి కాదు, ధూళి. ఒకరి యింట ప్రాణశక్తి నిచ్చునని పూజింపబడు రాయి మఱియొకరి యింట ప్రాణమును తీసికొని వచ్చినది. నునుపైన రాతిని అరచేత పట్టి ధ్యానించువారు ఒక్కమారు ఆ నునుపు ఎక్కడినుండి వచ్చెనో కూడ ధ్యానింపవలయును.

కర్తవ్యమేమి? చట్టము లేకపోలేదు. తాయెత్తులు, మంత్రములు, కవచములు మొదలగువానికి అద్భుతశక్తి గలదని చెప్పి రోగములు కుదుర్తుమను ప్రకటనలను 1954లో చేయబడిన ఔషధ–మాయాచికిత్సల ప్రకటనల చట్టము నిషేధించుచున్నది. ఆ చట్టపు పట్టికలో క్యాన్సరు, మధుమేహము, పక్షవాతము మొదలుగ 54 వ్యాధులు పేర్కొనబడినవి. చట్టమున్నను ప్రకటనలు గోడలపైనను చేతిఫోనులలోను నిరాఘాటముగ వెలువడుచున్నవి. ప్రభుత్వములు ఆ చట్టమును బీరువానుండి వెలికి తీయవలయును. ఖంభాతు పనివానికి ధూళిని పీల్చివేయు యంత్రమును, వ్యాధిగ్రస్తుని కుటుంబమునకు పరిహారమును అందింపవలయును. వైద్యులు రోగితో మాటాడుటను గూడ చికిత్సలో భాగముగ నెంచవలయును. ఆసుపత్రులలో రోగికి ధైర్యము చెప్పుటకు శిక్షితులైనవారిని నియమింపవలయును. రేకీ చేయువారికి మా విన్నపము ఒక్కటియే: మీ చేతిచలువను మేము కాదనము; కాని గడ్డ, రక్తస్రావము, తగ్గని జ్వరము, తఱుగుచున్న బరువు కనబడినచో మీ మొదటిమాట “ఆసుపత్రికి పొండు” అని కావలయును. ఉసుయి బోధించిన దయ మీయందు నిజముగ నున్నచో ఆ మాట మీకు బరువు కాదు. పాఠకులారా, ఊరటకొఱకు పోదలచినచో పొండు. అయితే వైద్యుడు వ్రాసిన పరీక్ష చేయించుకొని, మందు మానక పొండు.

మన దార్శనికులు స్ఫటికమునుగూర్చి ఒక దృష్టాంతము చెప్పుదురు. స్వచ్ఛమైన స్ఫటికముచెంత దాసానిపూవునుంచినచో స్ఫటికము ఎఱ్ఱగ కనబడును. పూవును తీసినచో ఆ యెఱుపు పోవును. ఎఱుపు పూవుది, స్ఫటికముది కాదు. వారు ఆత్మనుగూర్చి చెప్పిన ఈ మాట మన ప్రస్తుతవిషయమునకు అక్షరాల అన్వయించుచున్నది. రోగికి కలిగిన హాయి ప్రక్కన కూర్చుండిన మనుష్యునిది. ఆ గంట నిశ్శబ్దముది. వినిన చెవిది, తాకిన చేతిది. దానిని మనము రాతియందు చూచి, రాతికి వెల చెల్లించుచున్నాము. ఆ మనుష్యుని మన ఆసుపత్రులలోనికి తెచ్చుకొందము. అప్పుడు రాయి తన స్థానమున, గనిలోనో గడియారములోనో, జపమాలలోనో ఉండును. వెన్నెల రాత్రి దానిని కడిగి ఆరబెట్టు శ్రమ మనకు తప్పును.